పల్లకి దిగిన రాజులు

(దౌల్తాబాద్‌లో జరిగిన స్మారక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సభలో మనం తలుచుకుంటున్న సారు మనకు తెలుగు చెప్పారు. గజేంద్రమోక్షం పాఠం వచ్చినప్పుడు పద్యాలు కంఠతా పట్టించి వదిలిపెట్టేవారు కాదు. ఆ ఏనుగు అంతకుముందు ఎవరు అని అడిగేవారు. మొసలి పట్టిన సంగతి తెలుసు, విష్ణువు పరుగెత్తుకొచ్చిన సంగతి తెలుసు. ఏనుగు వెనక ఒక రాజున్నాడన్న సంగతి చాలామందికి తెలియదు. పాండ్యదేశపు రాజు ఇంద్రద్యుమ్నుడు ధ్యానంలో కూర్చుని, ఎదురుగా వచ్చిన అగస్త్యుణ్ణి చూసి లేవలేదు. ముని శపిస్తే ఏనుగై పుట్టాడు. మొసలి కూడా ఊరికే మొసలి కాదు, దేవలుడి శాపం తగిలిన హూహూ అనే గంధర్వుడు. సారు ఇదంతా చెప్పి, రాజులే ఎందుకు జంతువులవుతారో ఆలోచించుకొని రమ్మనేవారు. ఈ సాయంత్రం ఆ ప్రశ్ననే తీసుకున్నాను. పిల్లలు టీవీల్లో, ఫోన్లలో చూస్తున్న యానిమేషన్ సినిమాల్లోనూ అదే కథ నడుస్తోంది. గారాబంతో చెడిన రాజో రాకుమారుడో జంతువవుతాడు, బుద్ధి తెచ్చుకుంటాడు. మన పురాణాలను, ఆ సినిమాలను పక్కపక్కన పెట్టి చూద్దాం.

మొదట నాకు బాగా ఇష్టమైన సినిమా. 2000 డిసెంబరులో డిస్నీ సంస్థ విడుదల చేసిన 'ది ఎంపరర్స్ న్యూ గ్రూవ్'. దర్శకుడు మార్క్ డిండల్. దక్షిణ అమెరికా కొండల్లో ఇంకాల రాజ్యాన్ని పోలిన ఒక రాజ్యం. చక్రవర్తి పేరు కుజ్కో, పద్దెనిమిదో ఏడు నిండబోతోంది. పుట్టిన దగ్గర్నుంచీ 'లేదు' అన్న మాట వినలేదు. తన పాటకు, ఆటకు అడ్డొచ్చాడని ఒక ముసలాయన్ను కిటికీలోంచి బయటికి విసిరేయిస్తాడు.

ఆ రాజు ఒక రైతును దర్బారుకు పిలిపిస్తాడు. రైతు పేరు పచా. కొండ కొమ్మున ఉన్న ఊరికి పెద్ద. కొండకు ఏ వైపు ఎండ బాగా పడుతుందని రాజు అడిగితే, పచా మురిసిపోయి చెబుతాడు. పొద్దు ఫలానా చోట పడితే ఆ కొండలు పాడినట్టే ఉంటాయంటాడు. రాజు ఎందుకడిగాడో ఆ తర్వాత తెలుస్తుంది. ఊరు తీసేసి అక్కడ తనకొక వేసవి విడిది, నీళ్ల జారుడుబల్లతో సహా కట్టుకుంటాడట. పుట్టినరోజుకు తనకు తానిచ్చుకునే కానుక అది. దాని నమూనా బొమ్మ ఎదురుగా బల్ల మీద ఉంది. ఆరు తరాలుగా మేము అక్కడే ఉన్నామయ్యా, ఇక మేమెక్కడ ఉండాలి అంటే, ఆ సంగతి తనకు పట్టదంటాడు. ఇది కార్టూన్ సినిమా, పిల్లలు నవ్వుకుంటూ చూస్తారు. కానీ భూమి పోతుందంటే ఇంట్లో పొయ్యి వెలగని రోజులు ఎట్లా ఉంటాయో మన కొడంగల్, దౌల్తాబాద్ పల్లెల్లో ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు. పచా ఇంటికి తిరిగొచ్చి భార్యకు ఈ మాట చెప్పలేక నోరు మూసుకునే దృశ్యం ఉంది చూడండి, ఆ సినిమాలో నాకు అది అన్నిటికంటే బరువైన దృశ్యం.

రాజును చంపి గద్దె ఎక్కాలనుకున్న ఇజ్మా అనే సలహాదారు విషం ఇవ్వబోయి, సీసా మారిపోయి, ఇంకేదో ఇస్తుంది. కుజ్కో లామా అవుతాడు. లామా అంటే ఒంటె జాతిది, ఆ కొండల్లో మనుషుల బరువులు మోసే జంతువు. సినిమా తీసినవాళ్లు దీన్ని ఎంత ఆలోచించి ఎంచుకున్నారో గానీ, ఎంపిక మాత్రం గొప్పది. ఒకరి చేత మోయించుకున్నవాడు మోసే జంతువయ్యాడు. ఇక అక్కణ్ణుంచి అతను పచా మీద ఆధారపడక తప్పదు. నీరసం వచ్చిందంటూ కూలబడితే పచా ఆ లామాను భుజానికెత్తుకొని నడుస్తాడు కూడా.

పాత తాళ్ల వంతెన దగ్గర జరిగేది ఒకసారి నిదానంగా చూడండి. పచా కాలి కింద చెక్క విరిగి తాళ్లలో ఇరుక్కుంటాడు. లామా చెయ్యందించడు. ఊరు తీసేయనని తానిచ్చిన మాట అబద్ధమని అప్పుడే బయటపెడతాడు. కాసేపటికి వంతెన తెగి ఇద్దరూ లోయ ఇరుకులో పడతారు, కింద మొసళ్లు. పైకి రావడానికి ఒకటే దారి. వీపుకు వీపు ఆనించి, చేతులు మెలేసుకొని, చెరొక గోడను కాళ్లతో తొక్కుతూ అడుగడుగూ పైకెక్కాలి. ఒకడు కాలు తీస్తే ఇద్దరూ పోతారు. రాజు, రైతు ఒకరి బరువు ఒకరు మోస్తున్న క్షణం అది. మాటల్లేకుండా బొమ్మతో చెప్పారు. పైకొచ్చాక రాయి విరిగి పచా జారిపోతుంటే లామా పట్టి లాగుతాడు. బతుకులో మొదటిసారి ఇంకొకరి కోసం ఒక పని చేశాడు.

ఈ సినిమా ముగింపు వెనక ఒక సంగతి జరిగింది, అది మీకు చెప్పాలి. మొదట దీన్ని రోజర్ అల్లర్స్ దర్శకత్వంలో 'కింగ్‌డమ్ ఆఫ్ ది సన్' అనే పేరుతో మొదలుపెట్టారు. కథ పూర్తిగా వేరు. పాటలు రాసింది స్టింగ్ అనే బ్రిటిష్ గాయకుడు. మధ్యలో కథంతా మార్చారు. మారిన కథలో మొదట అనుకున్న ముగింపు ప్రకారం కుజ్కో పచా కొండను వదిలేస్తాడు గానీ, పక్క కొండ మీద అడవి కొట్టించి అదే విడిది కట్టుకుంటాడు. స్టింగ్ దీనికి ఒప్పుకోలేదు. తాను ఇరవై ఏళ్లుగా ఆదివాసుల హక్కుల కోసం మాట్లాడుతున్నాననీ, ఇట్లా ముగిస్తే తప్పుకుంటాననీ ఉత్తరం రాశాడు. ముగింపు మార్చారు. ఇప్పుడు సినిమాలో కుజ్కో పక్క కొండ మీద ఒక చిన్న గుడిసెతో సరిపెట్టుకొని పచా కుటుంబంతో కలిసి గడుపుతాడు. ఈ వ్యవహారాన్ని స్టింగ్ భార్య ట్రూడీ స్టైలర్ 'ది స్వెట్‌బాక్స్' అనే డాక్యుమెంటరీలో చూపించింది. మొదటి ముగింపే ఉండి ఉంటే రాజుకు బుద్ధి వచ్చిందని మనం నమ్మేవాళ్లం, ఇంకో కొండ మాత్రం పోయేది. ఈ కథల్లో ఎక్కువగా జరిగేది అదే. రాజు మనసు మారిందా అని చూస్తాం. పక్క కొండ సంగతి అడగం.

'బ్యూటీ అండ్ ద బీస్ట్' గురించి నాకున్న అభ్యంతరం ఇక్కడిదే. 1991లో గ్యారీ ట్రౌస్‌డేల్, కిర్క్ వైజ్ తీసిన ఈ సినిమా ఉత్తమ చిత్రం విభాగంలో ఆస్కార్‌కు నామినేషన్ పొందిన మొదటి యానిమేషన్ చిత్రం. అందులో బొమ్మల పనితనం గొప్పది, కాదనను. కథేమిటంటే, చలి రాత్రి ఒక ముసలావిడ గులాబీ పువ్విచ్చి ఆశ్రయమడిగితే రాకుమారుడు వెళ్లగొడతాడు. ఆవిడ మంత్రకత్తె. అతన్ని మృగాన్ని చేస్తుంది. అతనికి ఇరవై ఒకటో ఏడు వచ్చేలోగా ఒకరిని ప్రేమించి వారి ప్రేమ పొందితే శాపం పోతుంది. ఇంతవరకు బాగానే ఉంది. కోటలో ఉన్న నౌకర్లు ఏం చేశారు? అతిథి మర్యాదలు చూసేవాడు దీపపు స్తంభమయ్యాడు, వంటింటి పెద్దావిడ టీ కెటిల్ అయింది, ఆమె కొడుకు అంచు విరిగిన కప్పు అయ్యాడు. తలుపు మూసింది రాజు, శిక్ష వాళ్లకూ పడింది. రాజుకు కనీసం మృగం శరీరమన్నా దక్కింది. వీళ్లు కోటలో చాకిరీ చేసే సామానే అయిపోయారు. సినిమా ఈ అన్యాయాన్ని పాటలతో దాటేస్తుంది. ఇరవై ఆరేళ్ల తర్వాత, 2017లో మనుషులతో మళ్లీ తీసినప్పుడు గానీ ఎవరూ దాన్ని తడమలేదు. అందులో ఆ పెద్దావిడ, బిడ్డను తండ్రి చెడగొడుతుంటే మేము చూస్తూ ఊరుకున్నామని ఒప్పుకుంటుంది. సరే, కానీ నౌకరు ఎదురు చెప్పగలిగే కోట ఎక్కడుంది?

ఇంకొక సంగతి. ఈ కథను 1740లో విల్‌నవ్, 1756లో బోమాం అనే ఫ్రెంచి రచయిత్రులు రాశారు. వాళ్ల కథల్లో రాకుమారుడు గారాబంతో చెడినవాడు కాదు, చెడ్డ దేవకన్య పగకు బలైనవాడు. అహంకారానికి శిక్ష అన్న ముడి 1991 సినిమాలో పడింది. మన పురాణాల్లో ఆ ముడి మొదట్నుంచీ ఉంది.

2009 నాటి 'ద ప్రిన్సెస్ అండ్ ద ఫ్రాగ్' గురించి ఒక్క ముక్కే చెబుతాను. నవీన్ అనే రాకుమారుడు కప్ప అవుతాడు, హోటల్లో పనిచేసే టియానా అతన్ని ముద్దుపెట్టుకొని తానూ కప్ప అవుతుంది. వంటకు పుట్టగొడుగులు తరగమంటే అతనికి చేతకాదు. కోటలో బట్టలు తొడిగేదీ, తినిపించేదీ, పళ్లు తోమేదీ కూడా వేరేవాళ్లే. ఆమె నేర్పుతుంది, అతను తరుగుతాడు. చివరికి ఆమె హోటల్లో ఆమెతోపాటు పనిచేస్తాడు. ఈ రాకుమారులందరిలో పనిలో చేరినవాడు ఇతనొక్కడే.

ఇక మన రాజుల దగ్గరికి వద్దాం.

నృగ మహారాజు కథ భాగవతం దశమస్కంధంలో ఉంది. ఇక్ష్వాకుడి కొడుకు. లెక్కపెట్టలేనన్ని ఆవుల్ని దానమిచ్చాడు. ఒకసారి దానమిచ్చిన ఆవు ఒకటి తప్పిపోయి తిరిగి రాజు మందలో కలిసింది. రాజు చూసుకోకుండా దాన్నే ఇంకొకరికిచ్చాడు. ఇద్దరూ ఆవు నాదంటే నాదని వచ్చారు. బదులుగా లక్ష ఆవులిస్తానన్నా ఇద్దరూ వినలేదు, ఆ ఆవే కావాలన్నారు. ఆ పాపానికి నృగుడు ఊసరవెల్లి అయి ఎండిపోయిన బావిలో పడ్డాడు. యాదవుల పిల్లలు ఆడుకొని దాహమై బావిలోకి తొంగిచూస్తే కొండంత ఊసరవెల్లి! తోలు పగ్గాలు, తాళ్లు వేసి లాగారు, రాలేదు. కృష్ణుడొచ్చి ఎడమచేత్తో పైకి తీశాడు. నృగుడు గారాబపు రాజు కాదు, దాత. కానీ లక్ష ఆవులిచ్చే చేతికి ఒక్క ఆవు ఆనవాలు తెలియలేదు. ఆవు కోసం కొట్లాడిన ఆ ఇద్దరికీ మాత్రం అది ఫలానా ఆవు, మరొకటి దానికి సాటి రాదు. పైనున్నవాడికి సంఖ్య కనబడుతుంది, కిందివాడికి ఆవు కనబడుతుంది. ఈ ప్రాంతంలో పశువుల సంతకు వెళ్లినవాళ్లెవరికైనా ఆ తేడా తెలుసు.

అందరిలోకీ నిజంగా తల తిరిగిన రాజు నహుషుడు. వృత్రుణ్ణి చంపిన పాపానికి భయపడి ఇంద్రుడు దాక్కుంటే, దేవతలు నహుషుణ్ణి తెచ్చి స్వర్గానికి రాజును చేశారు. మంచి రాజే. గద్దె ఎక్కాక శచీదేవి కావాలన్నాడు. బ్రహ్మర్షుల చేత పల్లకి మోయించుకున్నాడు. మోసేవాళ్లలో అగస్త్యుడున్నాడు. ఆయన్ను కాలితో తన్నాడు. ఆయన శపిస్తే కొండచిలువై పడిపోయాడు.

తర్వాతి సంగతి మహాభారతం అరణ్యపర్వంలో వస్తుంది. వేటకు వెళ్లిన భీముణ్ణి ఒక కొండచిలువ చుట్టేస్తుంది. అంత బలమున్న భీముడు కదలలేడు. ఆ పాము వాళ్ల తాతముత్తాతల్లో ఒకడు, యయాతి తండ్రి. అంటే వంశకర్త ఆకలికి తన వంశంవాణ్ణే పట్టుకున్నాడు. ధర్మరాజు వెతుక్కుంటూ వస్తే, నా ప్రశ్నలకు జవాబు చెబితే వదులుతానంటుంది. మొదటి ప్రశ్న, బ్రాహ్మణుడెవడు? సత్యం, దానం, ఓర్పు, దయ ఉన్నవాడని ధర్మరాజు జవాబు. ఆ గుణాలు శూద్రుడిలోనూ ఉండొచ్చు కదా అని పాము ఎదురడుగుతుంది. ఉంటే అతను శూద్రుడు కాదు, లేకపోతే బ్రాహ్మణుడు బ్రాహ్మణుడు కాదు, నడవడే కొలత అంటాడు ధర్మరాజు. తన పుట్టుకను, తన గద్దెను నమ్ముకొని మనుషుల్ని తన్నిన రాజు పొట్టతో నేల మీద పాకుతూ అడిగిన ప్రశ్న ఇది. వేరే ఏ ప్రశ్నా అతనికి అక్కర్లేదు.  

గమనించండి. కుజ్కో తిరిగి చక్రవర్తి అవుతాడు, మృగం తిరిగి రాకుమారుడవుతుంది. నహుషుడు, నృగుడు, ఇంద్రద్యుమ్నుడు మాత్రం పైలోకాలకు వెళతారు, రాజ్యానికి తిరిగి రారు. ఒకసారి చెడిన చేతికి మళ్లీ దండం ఇవ్వడానికి మన కథకులు ఇష్టపడలేదు. ఆ పట్టుదల నాకు నచ్చింది. సినిమాల్లో అట్లా గద్దె దక్కనివాడు నాకు ఒక్కడే కనిపించాడు. 2012లో వచ్చిన 'బ్రేవ్'లో మోర్డూ. అన్నదమ్ముల నుంచి రాజ్యం లాక్కోవాలని పదిమంది బలం కోరుకొని ఎలుగుబంటి అయిన రాకుమారుడు. మనిషి రూపానికి మళ్లీ రాడు. చనిపోయాకే అతని ఆత్మ విడుదలవుతుంది.

మన జానపద కథల్లో ఈ లెక్క తలకిందులవుతుంది. బాలనాగమ్మ కథ బుర్రకథగా, నాటకంగా ఇక్కడ వినని ముసలివాళ్లుండరు. మాయలమరాఠీ అనే మాంత్రికుడు ఆ తల్లిని కుక్కను చేసి తీసుకుపోతాడు. 1942లో జెమినీ వాళ్లు సినిమాగా తీస్తే కాంచనమాల బాలనాగమ్మగా, గోవిందరాజుల సుబ్బారావు మాంత్రికుడిగా వేశారు. ఇక్కడ జంతువైంది చెడిన రాజు కాదు, ఏ తప్పూ లేని ఆడది. పురాణం రాజుకు శాపం పెడితే, ఊరి కథ బలవంతుడి చేతిలో జనం పడేది చెప్పింది. రెండూ వేర్వేరు చోట్ల నిలబడి చూసినవాళ్ల కథలు.

పల్లకి దగ్గరికి మళ్లీ వస్తాను. నహుషుడి పల్లకి మనకు పురాణం మాత్రమే కాదు. నిజాం కాలంలో తెలంగాణ పల్లెల్లో వెట్టిచాకిరీ కింద బోయీలు, బెస్తలు దొరల కుటుంబాల్ని పల్లకీల్లో, మేనాల్లో ఊరి నుంచి ఊరికి మోశారు. దొరసాని పుట్టింటికి వెళ్లాలంటే కబురొచ్చేది, నాట్లున్నా కోతలున్నా వెళ్లాల్సిందే. కూలి లేదు. మోసిన భుజం మీద కాయ కట్టేది. ఆ భుజాల వారసులు ఈ సభలోనూ ఉన్నారు.

అందుకే నాకు ఈ కథలన్నిటిలో భరతుడి కథ దగ్గరిది. భాగవతం పంచమస్కంధం, తెలుగులో గంగన రాసిన భాగం. భరతుడు చెడ్డ రాజు కాదు. రాజ్యం వదిలి అడవికి వెళ్లి, తల్లిలేని లేడిపిల్లను సాకి, దాని ధ్యాసలోనే చనిపోయి లేడిగా పుట్టాడు. వెనుకటి జన్మ జ్ఞాపకం ఉంది. మంద వదిలి ఎండుటాకులు మేస్తూ ఆశ్రమం దగ్గర బతికాడు. ఆ తర్వాతి జన్మలో మనిషై, లోకులకు జడుడిలా కనబడుతూ తిరిగాడు. ఇక్షుమతీ నది ఒడ్డున సింధుసౌవీర రాజు రహూగణుడు పల్లకిలో వెళుతుంటే ఒక బోయీ తక్కువయ్యాడు. దారిలో కనబడ్డ ఈ బలిసిన మనిషిని పట్టుకొచ్చి పల్లకి కింద పెట్టారు. ఒకనాటి చక్రవర్తి, ఒకనాటి లేడి, ఇప్పుడు బోయీ.

అతను నేల చూసి నడుస్తున్నాడు. కాలి కింద పురుగు పడకూడదు. ముందున్న వాళ్లతో అడుగు కలవలేదు, పల్లకి ఎగుడుదిగుడైంది. రాజుకు కోపమొచ్చింది. ముందు వాళ్లను తిట్టాడు. వాళ్లు, మా తప్పు లేదు, ఈ కొత్తవాడు సరిగా నడవడం లేదన్నారు. రాజు వెటకారం చేశాడు, దండిస్తానన్నాడు. అప్పుడు భరతుడు నోరు తెరిచాడు. ఎవరు ఎవరి మీద ఉన్నారో, బరువు ఎవరిదో తీరిగ్గా చెప్పాడు. రహూగణుడు పల్లకి దిగి కాళ్ల మీద పడ్డాడు. ఆ తర్వాత భరతుడు ఇంకా కటువైన మాట అన్నాడు. అసలే దీనులైన ఈ మనుషుల్ని వెట్టికి పట్టుకొని మోయిస్తున్నావు, పైగా జనాన్ని కాపాడేవాణ్ణని చెప్పుకుంటున్నావు, పెద్దల సభలో నీకిది తగదన్నాడు. వెట్టి సంగతి భాగవతంలోనే, రాజు ముఖాన చెప్పిన మాట. నేను కలిపింది కాదు. తాను రాజునని, లేడినయ్యానని కూడా అప్పుడే చెప్పాడు. రహూగణుడు జంతువు కావలసిన పని లేకుండానే మారాడు, ఎందుకంటే జంతువైన రాజొకడు అతని పల్లకి కింద నడిచాడు.

ఈ రోజు హైదరాబాదులో యానిమేషన్ పెద్ద పరిశ్రమ. ఛోటా భీమ్ పుట్టింది అక్కడే, 2008లో. అక్కడ కంప్యూటర్ల ముందు కూర్చున్న వాళ్లలో మన పాలమూరు, వికారాబాదు పిల్లలు ఉండే ఉంటారు. నహుషుణ్ణి, రహూగణుణ్ణి వాళ్లు బొమ్మల్లో గీస్తే చూడాలని ఉంది. అయితే ఒక మాట. పల్లకి దిగిన రాజును గీసి అక్కడితో ఆపకండి. మిగతా బోయీలను కూడా గీయండి. కొత్తవాడి మీద నేరం మోపి తాము తప్పించుకున్న ఆ మనుషులు, రాజు కాళ్ల మీద పడ్డప్పుడు ఎట్లా చూశారు? పల్లకి దించి ఎక్కడ కూర్చున్నారు? వాళ్లను ఇంటికి పంపించారా? రహూగణుడు ఆ రోజు ఇంటికి నడిచి వెళ్లాడా, మళ్లీ పల్లకిలోనే వెళ్లాడా?